బామ్మర్ది టర్బో, బావ ఎన్‌ఏ: అరకు ఘాట్‌లో పుల్లింగ్ పోయిన బండి కేసు

కేసులోకి వచ్చిన బండి 1.2 లీటర్ డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్లోకే చిమ్మే) టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కాగితం మీద 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. ఆ టార్క్ 1500 ఆర్‌పీఎం నుంచే చేతికొస్తుంది. ఓనర్ శ్రీకాకుళం కుర్రాడు, పైడిభీమవరంలో ఉద్యోగం. రోజూ హైవే మీద తిరిగే బండే, ఆదివారం వీలైతే అరకు. కంప్లైంట్ అతని మాటల్లోనే జాబ్ కార్డు మీద రాసుకున్నాను: "పొద్దున్న పులి మేస్త్రీ, మజ్జానానికి పిల్లయిపోతంది."

దాని వెనకే ఇంకో బండి వచ్చి ఆగింది. దానికి ఏ జబ్బూ లేదు. అది బావగారిది, నాలుగో తరం హోండా సిటీ, 1.5 లీటర్ ఐ-వీటెక్, మాన్యువల్. టర్బో లేదు, గాలిని తనంతట తానే పీల్చుకునే ఇంజిన్. దాన్నే ఎన్‌ఏ (న్యాచురల్లీ ఆస్పిరేటెడ్) అంటాం. 6600 ఆర్‌పీఎం దగ్గర 119 పీఎస్, 4600 దగ్గర 145 న్యూటన్ మీటర్లు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యేటప్పుడు బామ్మర్ది బండి ఇట్టే దూసుకుపోతుందట, అనంతగిరి చేరేసరికి దాని పుల్లింగ్ పడిపోయి వెనక నుంచి బావ హారన్ కొడతాడట. "టర్బోలంతే మేస్త్రీ, మొదట్లో ఊపు, తర్వాత ఉత్తిదే" అని బావ తీర్పు చెప్పేశాడు. బామ్మర్ది బండి అమ్మేసే ఆలోచనలో ఉన్నాడు. దాని బదులు ఎన్‌ఏ కొనాలా, ఇంకా పెద్ద టర్బో కొనాలా అన్నదే అతని టెన్షన్.

ఘాట్‌లో పోటీలు పెట్టుకునేవాళ్ళ బండి నేను ముట్టుకోను. ఆ మలుపుల్లో ఎదురొచ్చేది ఆర్టీసీ బస్సు. వీళ్ళు ఇంట్లోవాళ్ళతో రెండు కార్లలో వెళ్ళేవాళ్ళేనని తెలిశాకే పని మొదలుపెట్టాను.

టర్బోనా, ఎన్‌ఏనా అన్న ప్రశ్న మా గ్యారేజీలో రోజూ వినపడేదే. నలుగురూ చెప్పుకునే పోలికలన్నీ ఒక్క పరుగు మీదే ఉంటాయి, 0 నుంచి 100కి ఎన్ని సెకన్లు అని. మన విజయనగరం, శ్రీకాకుళం ఎండలో నేను అడిగేది వేరు. ఆ పవర్ ఎంతసేపు నిలబడుతుంది? ఎన్‌ఏ ఇంజిన్ పవర్ ఇంజిన్‌లోనే ఉంటుంది. టర్బో ఇంజిన్ పవర్లో చాలా భాగం దాన్ని చల్లబరిచే గొట్టాల్లో ఉంటుంది. ఈ కేసు అంతా ఆ గొట్టాల గురించే.

ముందు గాలి లెక్క

పెట్రోల్ ఇంజిన్ ఎంత గాలి పీల్చుకుంటే అంతకు తగ్గ పెట్రోలే కాల్చగలదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నీ నింపుకుంటుంది. అంటే 1.5 లీటర్ల సిటీ 6600 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 4950 లీటర్ల గాలి మింగుతుంది. టర్బో లేకుండా ఇంకా పవర్ కావాలంటే రెండే దారులు. ఇంజిన్ సైజు పెంచాలి, లేదా ఇంకా వేగంగా తిప్పాలి. హోండా చాలాకాలం ఎక్కువగా రెండో దారి పట్టింది. ఎస్2000 అనే స్పోర్ట్స్ కారులో 2 లీటర్ల ఇంజిన్‌ను 9000 ఆర్‌పీఎం దాకా తిప్పింది. పోర్షె 911 జీటీ3 ఈ రోజుకీ 4 లీటర్ల ఎన్‌ఏ ఇంజిన్‌తో 9000 దాకా వెళ్తుంది.

టర్బో మూడో దారి. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి గ్యాస్‌తో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద అవతల ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని కుదించి ఇంజిన్లోకి తోస్తుంది. సైజు చిన్నదే, కానీ లోపలికి వెళ్ళే గాలి చిక్కన.

దీని తేడా మొదట తెలిసేది పెద్ద ఆర్‌పీఎంలో కాదు, చిన్న ఆర్‌పీఎంలో. 2500 దగ్గర ఈ టర్బో బండి 175 న్యూటన్ మీటర్లు ఇస్తోందంటే చక్రాల వైపు వెళ్ళేది 62 పీఎస్ దాకా. సిటీకి అదే 2500 దగ్గర దాని మొత్తం 145 ఇచ్చేద్దామన్నా (నిజానికి అక్కడ అంత రాదు) 52 దాటదు. పిల్లలు, సామాన్లు ఎక్కించుకుని ఘాట్ ఎక్కేవాడికి ఈ 10 పీఎస్ తేడా కాలి కింద స్పష్టంగా తెలుస్తుంది. సిటీ తన 119 చూపించాలంటే గేర్ తగ్గించి, ముల్లు 6000 దాటించి, ఇంజిన్‌ను అరిపించాలి. కొందరికి ఆ అరుపే ఇష్టం, నాకూ ఇష్టమే. వెనక సీట్లో అత్తగారు ఉన్నప్పుడు బావకు అది కుదరదు.

పెద్ద కంపెనీలకూ ఇదే పేచీ. ఫెరారీ 458లో 4.5 లీటర్ల ఎన్‌ఏ వీ8 ఉండేది, 570 పీఎస్, 9000 ఆర్‌పీఎం. 2015లో దాని స్థానంలో వచ్చిన 488 జీటీబీలో 3.9 లీటర్ల ట్విన్ టర్బో పెట్టారు, 670 పీఎస్, 760 న్యూటన్ మీటర్లు. అయితే ఆ 760 మొత్తాన్ని అన్ని గేర్లలోనూ ఇవ్వలేదు, టాప్ గేర్లోనే పూర్తిగా వదిలారు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతున్నట్టు డ్రైవర్‌కు అనిపించాలని, అంటే టర్బో బండి ఎన్‌ఏలా అనిపించాలని, కావాలనే తగ్గించి ఇచ్చారు. టర్బో టార్క్ ఎక్కువైందని దాచిపెట్టుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టిన ఎవరికైనా తెలుసు. ఎంత వేడెక్కుతుందో మాత్రం చాలామంది ఊహించరు. మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గాలిని 1.8 రెట్ల ఒత్తిడికి కుదిస్తే, కంప్రెసర్ (టర్బోలో గాలిని కుదించే ఆ రెండో చక్రం) 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే, బయటికొచ్చే గాలి దాదాపు 120 డిగ్రీలు. దాన్ని అలాగే ఇంజిన్‌కిస్తే కుదించిన లాభంలో చాలా భాగం పోతుంది. అందుకే మధ్యలో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్.

నేను టర్బో నేర్చుకున్నది సాలూరు లారీల మీద. డీజిల్‌లో గాలి వేడెక్కితే కాస్త పుల్లింగ్ తగ్గుతుంది, పొగ పెరుగుతుంది, బండి మాత్రం సణుక్కుంటూ ఎక్కేస్తుంది. పెట్రోల్ అలా కాదు. సిలిండర్లోకి వెళ్ళే గాలి వేడిగా ఉంటే స్పార్క్ మంట చేరేలోపే ఒక మూలన ఉన్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అదే నాకింగ్. అది ముదిరితే పిస్టన్ పోతుంది. అందుకని ఇంజిన్ మీద నాక్ సెన్సర్ ఉంటుంది. అది విన్న వెంటనే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది, అవసరమైతే టర్బోను కూడా తగ్గిస్తుంది. బండి పాడవకుండా బతుకుతుంది. డ్రైవర్‌కు తెలిసేది "పికప్ పోయింది" అన్నదొక్కటే. ఇంకో తేడా ఏమిటంటే పెట్రోల్ బండి ఎగ్జాస్ట్ గ్యాస్ 950 డిగ్రీలు దాటగలదు, డీజిల్ కంటే బాగా ఎక్కువ. లారీ మేస్త్రి అనుభవం పెట్రోల్ టర్బో దగ్గర సగమే పనికొస్తుంది.

బండి చరిత్ర

కుర్రాడిని కూర్చోబెట్టి అడిగితే మూడు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, వేరే ఊళ్ళో రీమ్యాప్, అంటే పవర్ పెరిగేలా ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించాడు. స్టేజ్ 1 అన్నారట, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఎంత పెంచారో కాగితం లేదు. రెండు, కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి బానెట్ కింద ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టించాడు. శబ్దం బాగుంటుందని. మూడు, అడిగి అడిగి రాబట్టింది: అంతకు కొన్ని నెలల ముందు ఒక హోస్ లీకైతే దారిలో ఒక షెడ్డులో మార్పించి, కూలెంట్ కొత్తది పోయించాడు. "అది కూలెంటే కదా మేస్త్రీ, దానికీ పికప్‌కీ సంబంధమేటి?" అన్నాడు.

అప్పటికే ఒకచోట టర్బో పోయింది, కొత్తది వెయ్యాలని ఎస్టిమేట్ ఇచ్చారు. ఇంకోచోట స్కానర్ పెట్టి, ఎర్రర్ కోడ్ ఏమీ లేదు, బండి బాగానే ఉంది అన్నారు. కోడ్ లేదంటే లోపం లేదని కాదు. ఈసీయూ తన పరిమితుల్లోపలే సర్దుకుంటూ పోతోందని మాత్రమే అర్థం.

కొలతలు

కోడ్‌ల జోలికి పోకుండా లైవ్ డేటా రికార్డ్ చేశాను. పనివాడు పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ చూసుకుంటే నేను నడిపాను. చూసినవి ఐదు: ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) గాలి ఉష్ణోగ్రత, ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, సిలిండర్ వారీగా టైమింగ్ ఎంత వెనక్కి పోతోంది, ఇంజిన్ కూలెంట్ ఉష్ణోగ్రత.

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద బండి శుభ్రంగా ఉంది. గాలి ఉష్ణోగ్రత 50 దగ్గర ఆగింది, టైమింగ్ పెద్దగా కదల్లేదు. తర్వాత ఎండ ముదిరాక ఘాట్. ఎక్కడం మొదలైన కాసేపటికే గాలి ఉష్ణోగ్రత పాకడం మొదలైంది. 60, 70, ఆ తర్వాత 85 దాటేసింది. టైమింగ్ అన్ని సిలిండర్లలోనూ వెనక్కి పోయింది. ఇంజిన్ కూలెంట్ మాత్రం 90 చుట్టుపక్కలే, పూర్తిగా మామూలుగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు.

కేసు తిరిగింది బూస్ట్ గీతల దగ్గర. బూస్ట్ తగ్గిన మాట నిజమే. కానీ అడిగింది కూడా తగ్గింది, వచ్చింది అడిగినదాన్నే అంటిపెట్టుకుని ఉంది. టర్బో నీరసపడి ఉంటే అడిగింది పైన, వచ్చింది కింద ఉండాలి. ఇక్కడ ఈసీయూనే "ఇంత చాలు" అంటోంది. అంటే టర్బోలో జబ్బు లేదు, కొత్త టర్బో వేసినా ఇదే జరిగేది. ఆ ఎస్టిమేట్ కాగితం చించేయమన్నాను.

మరి ఇదే బండి హైవే మీద మధ్యాహ్నం కూడా పర్వాలేదు, ఘాట్‌లోనే ఎందుకు? రెండు కారణాలు. హైవేలో 80, 90 స్పీడు మీద ముందు నుంచి గాలి బాగా కొడుతుంది, లోడ్ తక్కువ. ఘాట్‌లో లోడ్ ఎక్కువ, స్పీడు 30. రెండోది ఎత్తు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి కింద ఉన్నదానికంటే పదో వంతు తక్కువ. ఎన్‌ఏ ఇంజిన్ ఆ పదో వంతును నోరుమూసుకుని వదులుకుంటుంది. కొండ మీద చల్లదనం వల్ల కొంత తిరిగొస్తుంది. టర్బో అలా వదులుకోదు. మ్యానిఫోల్డ్‌లో ఈసీయూకి కావలసిన ఒత్తిడి అంతే కాబట్టి చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పి లోటు పూడుస్తుంది. కింద 1.8 రెట్లు కుదిస్తే చాలినది పైన దాదాపు 2 రెట్లు కుదించాలి. ఆ తేడాకే గాలికి ఇంకో 10 డిగ్రీల పైన వేడి అదనం. కొండ ప్రాంతానికి టర్బోయే మేలంటారు, ఆ మాట నిజమే, ఆ అదనపు వేడిని మోసుకుపోయే ఏర్పాటు సరిగ్గా ఉన్నంతవరకు.

వెతుకులాట

పొగ యంత్రంతో ఇన్‌టేక్ గొట్టాలన్నీ చూశాం, లీక్ లేదు. ప్లగ్గులు తీస్తే గ్యాప్ కొంచెం పెరిగింది, మార్చేశాం. పెట్రోల్ అనుమానం కూడా తీర్చుకోవాలి కాబట్టి ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ పోసి మళ్ళీ ఎక్కించాం. టైమింగ్ కాస్త మెరుగైంది, గాలి వేడి మాత్రం అలాగే ఉంది. ఇక్కడొక మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌ను ఊరికే తిట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గడం నిజం. పాత బండ్ల రబ్బరు భాగాల గురించి భయం కూడా ఉట్టిది కాదు. కానీ నాకింగ్ విషయంలో ఇథనాల్ శత్రువు కాదు. దాని ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడి లాక్కుంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోకు అది మంచిదే.

మిగిలింది ఇంటర్‌కూలర్. ఈ ఇంజిన్‌లో అది బంపర్ వెనక ఉండే గాలి రకం కాదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోనే ఇమిడి ఉండే నీటి రకం. దానికి వేరే చిన్న రేడియేటర్, వేరే ఎలక్ట్రిక్ పంపు. కూలెంట్ ఆ సర్క్యూట్‌లో తిరుగుతూ గాలి వేడిని ముందుకు తీసుకెళ్ళి వదులుతుంది. గొట్టాలు పొట్టిగా ఉండటంతో టర్బో ల్యాగ్ (తొక్కాక ఊపు రావడానికి పట్టే ఆలస్యం) తక్కువ, అందుకే కంపెనీలు ఇష్టపడతాయి. ఇబ్బంది ఏమిటంటే ఈ సర్క్యూట్‌కు డ్యాష్‌బోర్డు మీద ముల్లు లేదు.

ఘాట్ దిగి షెడ్డుకు రాగానే బానెట్ ఎత్తి, ఆ సర్క్యూట్ రెండు హోస్‌లూ చేత్తో పట్టుకుని చూశాను. ఒకటి పట్టుకోలేనంత వేడి, రెండోది బయట ఎండకు ఉన్నంతే. నీళ్ళు తిరుగుతుంటే వేడి రెండో దాకా రావాలి. స్కానర్ నుంచి పంపు ఆన్ చేస్తే మోటారు చప్పుడు వినపడుతోంది, కరెంటు అందుతోంది, కూలెంట్ ట్యాంకులో మాత్రం కదలిక లేదు. పంపు గాలిని తిప్పుతోంది. ఎయిర్ లాక్.

హోస్ మార్చినవాళ్ళు పాత పద్ధతిలో మూత తీసి కూలెంట్ పోసి, ఇంజిన్ ఆన్ చేసి, బుడగలు ఆగాక మూత పెట్టేసి ఉంటారు. ఇంజిన్ సర్క్యూట్‌కు అది ఎలాగో సరిపోయింది. ఈ చిన్న సర్క్యూట్‌లో గాలి అలాగే ఇరుక్కుపోయింది. ఇలాంటి బండ్లకు వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలంతా లాగేసి, ఆ ఖాళీలోకి కూలెంట్ నింపాలి. దానికి కావలసిన పరికరం ఖరీదైనది కూడా కాదు. కూలెంట్ పొయ్యడం కూడా ఒక పనేనా అనే చులకన వల్లే చాలా షెడ్డుల్లో అది ఉండదు.

వ్యాక్యూమ్ పెట్టి నింపాం. అదే రోడ్డు, అదే ఎండ వేళ, మళ్ళీ ఎక్కించాం. గాలి ఉష్ణోగ్రత 65 దగ్గర నిలబడింది. మంచిదే, కానీ నేననుకున్నంత కాదు. అప్పుడు కోన్ ఫిల్టర్ తీయించాను. బానెట్ కింద ఆ ఫిల్టర్ పీలుస్తున్నది బయటి గాలి కాదు, రేడియేటర్ వదిలిన వేడి గాలి. కంపెనీ డబ్బా గ్రిల్ దగ్గర నుంచి చల్లటి గాలి తెస్తుంది, చూడటానికి నల్ల ప్లాస్టిక్ పెట్టెలా ఉన్నా అది తెలివైన పనితనం. డబ్బా తిరిగి పెట్టాక 55 దరిదాపుల్లోకి వచ్చింది. టైమింగ్ తిరిగి దాదాపు తెల్లవారుజాము గీత మీదికి చేరింది. అరకు చేరేదాకా బూస్ట్ తగ్గలేదు.

రీమ్యాప్ తీసేసి కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టమన్నాను. కుర్రాడికి ఇది నచ్చలేదు. నేను రీమ్యాప్‌లకు వ్యతిరేకిని కాదు. ఎంత పెంచారో తెలియని మ్యాప్‌తో, ఎంత వేడి వస్తుందో తెలియని చోట నడపడం నాకు నచ్చదు. చాలాసేపు వాదించి ఒప్పుకున్నాడు.

సిటీ గీతలు

పోలికకని సిటీని కూడా అదే దారిలో, అదే వేళ ఎక్కించి రికార్డ్ చేశాం. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎన్‌ఏ గొప్పతనమే అది. కదులుతున్నంతసేపూ ఇన్‌టేక్ గాలి బయటి గాలి కంటే కొద్దిగానే వేడి. టైమింగ్ దాదాపు నిలకడ. మొదటి మలుపులో ఎలా ఉందో చివరి మలుపులోనూ అలాగే, ఎత్తు వల్ల పోయేది మినహా. మన తీరంలో ఎన్‌ఏకి ఉన్న నష్టం వేరు: 18 డిగ్రీల జనవరి గాలితో పోలిస్తే 38 డిగ్రీల మే గాలి 6 శాతం పైగా పలచన, పైగా ఉక్కపోత. 35 డిగ్రీల దగ్గర తేమ 70 శాతం ఉంటే పీల్చే గాలిలో దాదాపు 4 శాతం నీటి ఆవిరే, అది మండదు. తేమ టర్బోనూ వదలదు, కాకపోతే దానికి కాస్త ఎక్కువ కుదించి సర్దుకునే వీలుంది.

రెండూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఘాట్‌లో టర్బోయే ముందుంది, హాయిగా, తక్కువ ఆర్‌పీఎంలో. హైవే మీద 6000 పైన సిటీకి ఉన్న ఊపిరి టర్బోకు లేదు. చిన్న టర్బో త్వరగా తిరుగుతుంది కాబట్టి పైన త్వరగా అలిసిపోతుంది.

బావకు ఈ ఫలితం మింగుడు పడలేదు. "అయితే నా బండికీ టర్బో కట్టెయ్యి మేస్త్రీ" అన్నాడు. కుదరదన్నాను. ఎందుకో వివరంగా చెప్పాల్సి వచ్చింది. సిటీ ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) 10 పైన, పెట్రోల్ చిమ్మేది పోర్ట్‌లో (గాలి లోపలికొచ్చే దారిలో), సిలిండర్లో కాదు. దాని మీద ఇంకా కుదించిన గాలి తోస్తే నాకింగే. దాని పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు ఈ లోడ్‌కని చేసినవి కావు. హోండా తానే ఏం చేసిందో చూడండి. సివిక్ టైప్ ఆర్‌లో 2 లీటర్ల ఎన్‌ఏ ఇంజిన్ 11.7 కంప్రెషన్‌తో 8000 ఆర్‌పీఎం దగ్గర 225 పీఎస్ ఇచ్చేది. 2015లో టర్బోకు మారినప్పుడు పాత ఇంజిన్‌కు టర్బో తగిలించలేదు. కంప్రెషన్ 9.8కి దించి, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్టి, కొత్తగా తయారు చేసి 310 పీఎస్ రాబట్టింది. తయారు చేసినవాళ్ళే అంత జాగ్రత్త పడ్డ పనిని నేను షెడ్డులో వారం రోజుల్లో చేస్తానంటే నమ్మకూడదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చడం కుదరదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు చూసేది అదే.

దానికి బదులు సిటీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ కవర్ తీసి టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుకూ దాన్ని తొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన గ్యాప్, చూశాం. ఈ ఇంజిన్‌లో గ్యాప్ దానంతట అదే సర్దుకోదు, స్క్రూతో సెట్ చెయ్యాలి, చాలామంది ఓనర్లకు ఆ సంగతే తెలియదు. ఎగ్జాస్ట్ వైపు గ్యాప్‌లు బిగుసుకుని ఉన్నాయి. సెట్ చేసి, థ్రాటిల్ బాడీ కడిగి ఇచ్చాం. బామ్మర్ది బండి అమ్మలేదు. ఎండాకాలం వచ్చేముందు మళ్ళీ తెమ్మన్నాను, పంపు ఎన్నాళ్ళు గాలిలో తిరిగిందో తెలియదు కాబట్టి దాని బేరింగ్ మీద నాకింకా అనుమానం ఉంది.